లా ఫర్మ్‌లో వేసవి ఇంటర్న్‌షిప్: విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

విద్యార్థిగా రెండు వేసవులు లా ఫర్మ్‌లలో గడిపాను. ఇప్పుడు ఏటా సెలవుల్లో మా ఆఫీసుకు వచ్చే ఇంటర్న్‌లకు పని అప్పగించడం, వాళ్లు రాసినవి దిద్దడం నా బాధ్యత. వాళ్లు తొలిరోజే అడిగిన ప్రశ్నలు, మొహమాటపడి మూడో వారంలో గానీ బయటపెట్టని ప్రశ్నలు ఇక్కడ ఒకచోట చేర్చాను.

ఇంటర్న్ చేత అసలు ఏ పని చేయిస్తారు?

ఎక్కువగా చదివిస్తారు. ఒక న్యాయ ప్రశ్న ఇచ్చి, దానిమీద ఉన్న తీర్పులు వెతికి మెమో రాయమంటారు. కేసు ఫైలు చేతికిచ్చి ఏ తేదీన ఏం జరిగిందో వరుసగా పట్టిక వేయమంటారు. ఒక కంపెనీ మరో కంపెనీని కొంటున్నప్పుడు, అమ్ముడుపోయే కంపెనీ చేసుకున్న ఒప్పందాలన్నీ ముందు పెట్టి, యాజమాన్యం మారితే రద్దు చేసుకోవచ్చన్న షరతు ఎందులో ఉందో ఏరమంటారు. డ్యూ డిలిజెన్స్ అనే మాట వింటుంటారు కదా, అందులో పెద్ద భాగం ఇదే. ఒక్కోసారి క్లయింటుతో జరిగే సమావేశంలో కూర్చోబెట్టి నోట్సు రాసుకోమంటారు.

సంతకం పెట్టేది, కోర్టులో నిలబడి వాదించేది, క్లయింటుకు సలహా చెప్పేది మాత్రం అర్హత ఉన్న న్యాయవాదే. భారతదేశంలో 1961 నాటి అడ్వొకేట్ల చట్టం ప్రకారం బార్ కౌన్సిల్‌లో నమోదైనవారికే వృత్తి చేసే హక్కు ఉంది. అంటే మీరు రాసే ప్రతి వాక్యమూ చివరికి మరొకరి సంతకం పైన చేరుతుంది. మీరు "చూశాను" అంటే, గడువు తరుముతున్న ఆ సీనియర్ మళ్లీ చూడకుండానే సంతకం పెట్టవచ్చు. చూశానని చెప్పినదాన్ని నిజంగా చూసి ఉండాలి. కింది జవాబుల్లో చాలావాటికి ఆధారం ఈ ఒక్క మాటే.

ఎన్ని వారాలు చేయాలి? తప్పనిసరా?

చదివే దేశాన్ని బట్టి ఉంటుంది. భారతదేశంలో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నాటి న్యాయవిద్య నిబంధనల ప్రకారం, కోర్సు పూర్తయ్యేలోగా మూడేళ్ల కోర్సువారు కనీసం 12 వారాలు, ఐదేళ్ల కోర్సువారు కనీసం 20 వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలి. ఏ ఏడాదిలోనూ ఏకధాటిగా నాలుగు వారాలకు మించకూడదు. ట్రయల్ కోర్టుల్లో, అప్పీలు కోర్టుల్లో ప్రాక్టీసు చేసే న్యాయవాదుల దగ్గర ఒక్కసారైనా పనిచేసి ఉండాలని కూడా అందులోనే ఉంది. వారాలన్నీ కార్పొరేట్ సంస్థల్లోనే గడిపినవారు ఈ చివరి షరతును ఆఖరి ఏడాదిలో చూసి కంగారుపడుతుంటారు. ముందే చూసుకోండి.

అమెరికాలో మూడేళ్ల లా కోర్సులో రెండో ఏడాది తర్వాత వచ్చే వేసవి కీలకం. పెద్ద సంస్థల్లో అది దాదాపు పది వారాలు సాగుతుంది. ఇంగ్లండులో దీన్ని వెకేషన్ స్కీమ్ అంటారు. సాధారణంగా ఒకటి నుంచి నాలుగు వారాలే. అయితే సొలిసిటర్ (అక్కడి న్యాయవాదుల్లో ఒక వర్గం) కావడానికి అక్కడ 2021 సెప్టెంబరులో వచ్చిన కొత్త పద్ధతి రెండేళ్ల పని అనుభవం అడుగుతుంది. దాన్ని నాలుగు సంస్థలకు మించకుండా విడివిడిగానూ పూర్తిచేయవచ్చు.

ఏ సంవత్సరంలో వెళ్తే ఎక్కువ ఉపయోగం?

కాంట్రాక్టు చట్టం, సివిల్ ప్రొసీజర్ చదివాక వెళ్తే పని వేగంగా అర్థమవుతుంది. అంతకుముందు వెళ్లకూడదని కాదు. మొదటి ఏడాది విద్యార్థి నుంచి మేము న్యాయశాస్త్ర పాండిత్యం ఆశించం, శ్రద్ధగా చదివే కళ్లు ఆశిస్తాం.

పెద్ద సంస్థ మంచిదా, చిన్న ఆఫీసు మంచిదా?

పెద్ద సంస్థలో విభాగాలు వేరు. మిమ్మల్ని బ్యాంకింగ్ జట్టులో వేస్తే నెలంతా రుణ ఒప్పందాలే చూస్తారు. లైబ్రరీ, డేటాబేసులు, శిక్షణ తరగతులు ఉంటాయి. మీ పనిని దిద్దేందుకు ఒకరిని నియమిస్తారు. ముగ్గురు నలుగురు న్యాయవాదులున్న ఆఫీసులో ఉదయం అద్దె వివాదం, మధ్యాహ్నం విడాకుల కేసు, సాయంత్రం చెక్ బౌన్సు నోటీసు. అక్కడ క్లయింటు మొహం చూస్తారు. కాగితం మీద ఒక పేరా అయిన కష్టం ఎదుటి కుర్చీలో కూర్చుని కళ్లు తుడుచుకుంటుంది.

నన్నడిగితే మొదటి ఇంటర్న్‌షిప్ చిన్న ఆఫీసులో చేయమంటాను. కేసు ఎక్కడ పుడుతుందో చూసినవారికి పెద్ద సంస్థలోని వంద పేజీల ఒప్పందం ఎందుకు అంత జాగ్రత్తగా రాస్తారో తెలుస్తుంది. పేరున్న సంస్థ పేరు రెజ్యూమెలో ఉండాలన్న ఆరాటం నాకు అర్థమవుతుంది, కానీ అక్కడ నాలుగు వారాలు ఎవరి కంటా పడకుండా గడిపి వచ్చినవారినీ చూశాను.

దరఖాస్తులో ఏం రాయాలి?

ఒక పేజీ చాలు. మీరెవరు, ఏ సంవత్సరం, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఖాళీ, ఈ సంస్థే ఎందుకు. చివరి ప్రశ్న దగ్గరే అందరూ తడబడతారు. "మీ ప్రఖ్యాత సంస్థలో" అని మొదలయ్యే ఉత్తరాలు ఒకే రోజు పది వస్తాయి, పదింటిలోనూ సంస్థ పేరు మార్చితే సరిపోతుంది. ఆ సంస్థ ఏ పని చేస్తుందో చదివి, అందులో మీరు నిజంగా చదివిన అంశాన్ని ఒక్కటి ప్రస్తావించండి. ఒక విద్యార్థిని తన ఉత్తరంలో మధ్యవర్తిత్వ తీర్పుల అమలు మీద తాను రాసిన వ్యాసం గురించి మూడు వాక్యాలు రాసి, అందులో తనకు తేలని సందేహాన్ని కూడా పెట్టింది. ఆ సందేహం చూసే పిలిచాం.

చదవని పుస్తకం, రాని భాష, చేయని పని రెజ్యూమెలో పెట్టవద్దు. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న సరిగ్గా దానిమీదే వస్తుంది.

మా ఇంట్లో లాయర్లు ఎవరూ లేరు. ఎవరినీ ఎరగను. నాకు దొరుకుతుందా?

దొరుకుతుంది, కాస్త ఎక్కువ తిరగాలి. ఈ వృత్తిలో పరిచయాల ప్రభావం లేదని చెబితే అది అబద్ధం. మామయ్య సీనియర్ అయితే ఫోను ఒక్కటి చాలు. అది అన్యాయమే. అందుకే మీకోసం ఉన్న దారులను వదలవద్దు. భారతదేశంలో 2008 నిబంధనల్లోనే, కనీసం పదేళ్ల అనుభవం ఉండి సెలవుల్లో విద్యార్థులకు మార్గదర్శనం చేయడానికి ఒప్పుకున్న న్యాయవాదుల జాబితాను రాష్ట్ర బార్ కౌన్సిళ్లు జిల్లాలవారీగా తయారుచేయాలని ఉంది. మీ కళాశాలలో ఆ జాబితా అడగండి. న్యాయ సేవాధికార సంస్థలు కూడా విద్యార్థులను తీసుకుంటాయి.

వచ్చాక వెనకబడిపోతామన్న భయం వద్దు. ఇంగ్లీషు గబగబా మాట్లాడలేని విద్యార్థి ఒకరు మా దగ్గర ఒక భూమి ఫైలులోని పాత దస్తావేజులను ఇంకెవరికీ చేతకానంత బాగా చదివారు. చేతిరాత, హద్దుల వర్ణన, పాత కొలతలు అన్నీ వారికి అలవాటే. ఆ వేసవి ఆ కేసులో అందరం ఆయన బల్ల దగ్గరికే వెళ్లాం.

పని అప్పగించినప్పుడు ఏం అడగాలి?

నాలుగు విషయాలు: ఇది ఎవరి కోసం, ఎప్పటికి కావాలి, ఏ రూపంలో కావాలి, ఎంత లోతుకు వెళ్లాలి. సీనియర్‌కు మధ్యాహ్నం విచారణకు ముందు రెండు వాక్యాల జవాబు కావాల్సి ఉంటే, మీరు రాత్రంతా కూర్చుని రాసిన పదిహేను పేజీలు ఆయన చేతికి మర్నాడు అందినా ప్రయోజనం లేదు. విన్నది కాగితం మీద రాసుకుని, "నేను అర్థం చేసుకున్నది ఇదీ" అని అక్కడే తిరిగి చెప్పండి. అడిగితే చులకనవుతామని ఊరుకున్నవారు తప్పు ప్రశ్నకు సరైన జవాబు రాసి తెస్తారు.

రీసెర్చ్ మెమో ఎలా రాయాలి?

జవాబు ముందు రాయండి. ప్రశ్న, వెంటనే రెండు మూడు వాక్యాల్లో జవాబు, తర్వాత వాస్తవాలు, ఆ తర్వాత చట్టం, తీర్పులు, మన వాదనకు ఎదురు నిలిచేవి. ఎదురు నిలిచే తీర్పు దొరికితే దాన్ని చివరి పేజీలో దాచవద్దు. అవతలి లాయరు దాన్ని కోర్టులో తీస్తారు. అంతకుముందే మన సీనియర్‌కు తెలియాలి.

నా మొదటి మెమో సంగతి చెబుతాను. యజమాని బాధ్యత గురించిన ఒక చిన్న ప్రశ్న. డేటాబేసులో "ఎంప్లాయర్", "ఎంప్లాయీ" అని కొట్టి చూశాను. సరిపోయేది ఏదీ రాలేదు. "ఈ అంశంపై తీర్పు లేదు" అని ధైర్యంగా రాసి ఇచ్చాను. సీనియర్ ఎర్ర సిరాతో ఆ వాక్యం కింద గీత గీసి, "ఎక్కడెక్కడ, ఏ మాటలతో వెతికావు?" అని అడిగారు. చెప్పాను. ఆయన నా పక్కనే కూర్చుని "మాస్టర్ అండ్ సర్వెంట్" అని కొట్టారు. తెర నిండిపోయింది. పాత తీర్పులు ఆ సంబంధాన్ని అలాగే పిలిచేవి. నాకు అప్పుడు చెవులు వేడెక్కిపోయాయి గానీ, ఆ పాఠం ఈనాటికీ వాడుతున్నాను. "తీర్పు లేదు" అని రాయవద్దు. "ఫలానా డేటాబేసులో, ఫలానా మాటలతో, ఫలానా తేదీ వరకు వెతికాను, దొరకలేదు" అని రాయండి. అప్పుడు చదివేవారికి ఇంకా ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

తీర్పు మొత్తం చదవాలా? హెడ్‌నోట్ చాలదా?

చాలదు. హెడ్‌నోట్ కోర్టు రాసింది కాదు, సంపాదకులు రాసిన సారాంశం. అమెరికా సుప్రీంకోర్టు 1906లోనే డెట్రాయిట్ టింబర్ కేసులో ఈ మాట స్పష్టంగా చెప్పింది. హెడ్‌నోట్‌ను నమ్ముకుని వాదించినవారికి, అది కోర్టు మాట కాదనీ, పైగా తీర్పును అది తప్పుగా అర్థం చేసుకుందనీ చెప్పింది. ఈనాటికీ ఆ కోర్టు తీర్పుల ముందు ఉండే సారాంశాల్లో ఆ కేసును పేర్కొంటూ హెచ్చరిక ఉంటుంది.

తీర్పు చదివాక ఇంకో పని ఉంది. అది ఇప్పటికీ చెల్లుతుందా అని చూడాలి. ఎమర్జెన్సీ కాలంలో, నిర్బంధంలో ఉన్నవారికి కోర్టుకు వెళ్లే హక్కు లేదంటూ 1976లో భారత సుప్రీంకోర్టు ఇచ్చిన ఏడీఎం జబల్‌పూర్ తీర్పును, 2017లో గోప్యత హక్కు గురించిన పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తోసిపుచ్చింది. 1976లో ఒంటరిగా విభేదించిన జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా వైపే చివరికి న్యాయం నిలిచింది. ఇలాంటి పెద్ద తీర్పుల సంగతి అందరికీ తెలుసు. ప్రమాదమంతా ఎవరికీ తెలియని చిన్న తీర్పులతోనే. మీరు ఎత్తిరాసిన పేరా మెజారిటీదా, విభేదించిన న్యాయమూర్తిదా, లేక లాయరు వాదనను కోర్టు తిరిగి చెబుతున్న చోటా అన్నది కూడా చూడండి. మూడోదాన్ని కోర్టు తీర్పుగా రాసి తెచ్చే ఇంటర్న్ ప్రతి వేసవిలోనూ ఒకరుంటారు.

రీసెర్చ్‌కు కృత్రిమ మేధ వాడవచ్చా?

సంస్థ నియమం ముందు అడగండి. చాలాచోట్ల క్లయింటు కాగితాలను బయటి సాధనాల్లో పెట్టడం నిషిద్ధం.

అనుమతి ఉన్నా, న్యూయార్క్‌లో 2023లో ఏవియాంకా విమానయాన సంస్థ మీద నడిచిన కేసును మరిచిపోవద్దు. ఒక లాయరు చాట్‌జీపీటీతో వెతికి పిటిషన్‌కు సమాధానం తయారుచేశారు. అందులో ఎత్తిచూపిన తీర్పుల్లో ఆరు అసలు లేనే లేవు. అవి ఉన్నాయా అని అదే యంత్రాన్ని అడిగితే ఉన్నాయని చెప్పింది. కోర్టు ప్రతులు అడిగినప్పుడు యంత్రం అల్లిన పాఠాన్నే దాఖలు చేశారు. జడ్జి 5,000 డాలర్ల జరిమానా వేశారు. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఇంకో సంగతి. వెతికినవారు ఒకరు, సంతకం పెట్టినవారు మరొకరు. సంతకం పెట్టినాయన ఆ తీర్పుల్లో ఒక్కటీ తెరిచి చూడలేదు, సహచరుడు చూసే ఉంటారనుకున్నారు. ఆ సహచరుడి స్థానంలో రేపు ఉండేది మీరే.

ఒప్పందాలు చదవడం విసుగు పుట్టదా?

పుడుతుంది. రెండో రోజుకే కళ్లు జారిపోతాయి. దానికి నేను వాడే పద్ధతి ఇది: మొదటిసారి కథలా చదువుతాను, ఎవరు ఎవరికి ఏం ఇస్తున్నారు, ఎప్పుడు, ఇవ్వకపోతే ఏమవుతుంది అని. రెండోసారి నిర్వచనాలు మాత్రమే పట్టుకుని వెళ్తాను. ఇంగ్లీషు పెద్ద అక్షరంతో మొదలయ్యే ప్రతి మాటకూ ముందు నిర్వచనం ఉందా, నిర్వచించిన ప్రతి మాటా ఎక్కడైనా వాడారా. మూడోసారి "ఫలానా క్లాజు ప్రకారం" అని ఉన్న ప్రతిచోటా ఆ క్లాజు తెరుస్తాను.

ఒక వేసవిలో ఒక సరఫరా ఒప్పందాన్ని ఇలాగే మూడోసారి చదువుతూ ఒక ఇంటర్న్ నా దగ్గరికి వచ్చింది. రద్దు క్లాజులో "12.4 ప్రకారం నోటీసు ఇచ్చిన తర్వాత" అని ఉంది. పన్నెండో క్లాజు 12.3తో ఆగిపోయింది. పాత ముసాయిదాలు తీసి చూస్తే, 12.4లో లోపాన్ని సరిదిద్దుకోవడానికి 30 రోజుల గడువు ఉండేది. ఏదో ఒక సవరణలో ఆ నాలుగు పంక్తులు ఎగిరిపోయాయి. ఆ గడువు మా క్లయింటుకే కావాలి. అలాగే సంతకాలు అయిపోయి ఉంటే, ఒక చిన్న ఆలస్యానికే ఒప్పందం పోయేది. ఆ అమ్మాయి అంతకుముందు పూట "నాకు ప్రూఫులు చూసే పనే ఇస్తున్నారు" అని బాధపడింది. తర్వాత ఆ మాట అనలేదు.

క్లయింటు విషయాలు ఎంతవరకు రహస్యం?

మొత్తం రహస్యమే. క్లయింటు పేరు కూడా. న్యాయవాదికి చెప్పిన మాట బయటికి రాకూడదన్న రక్షణ గుమాస్తాలకూ వర్తిస్తుందని 1872 నాటి సాక్ష్య చట్టమే చెప్పింది. ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 132వ సెక్షన్‌లో అదే ఉంది. ఆ మాటలు మీ చెవిన పడ్డాయంటే ఆ బాధ్యతలో మీరూ భాగమే.

లిఫ్టులో మాట్లాడవద్దు. బస్సులో ఫైలు తెరవవద్దు. ఆఫీసు బల్ల ఫొటో తీసి పెట్టవద్దు, వెనక తెర మీద ఏముందో మీరు గమనించరు. స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన కంపెనీల విలీనం గురించి తెలిసి, ఆ షేర్లు మీరు కొన్నా, ఎవరితోనైనా కొనిపించినా, అది నేరమయ్యే దేశాలే ఎక్కువ. ఇంట్లోవాళ్లు "ఈరోజు ఏం చేశావు?" అని ప్రేమగా అడుగుతారు. "ఒక ఒప్పందం చదివాను" అని ఆగిపోండి.

తప్పు చేశాను. ఇంకా ఎవరూ గమనించలేదు. ఏం చేయాలి?

ఇప్పుడే వెళ్లి చెప్పండి. పొద్దున చెప్పిన తప్పు సాయంత్రానికి సరిదిద్దుకోవచ్చు. దాఖలైపోయాక సరిదిద్దాలంటే కోర్టును అడగాలి. తప్పు ఏమిటి, ఎక్కడ, ఏ కాగితాలకు పాకింది, ఎలా దిద్దవచ్చని మీకు అనిపిస్తోంది, ఇవి చెబితే చాలు. సంజాయిషీ పొడిగించనక్కర్లేదు. తప్పు చేసిన ఇంటర్న్‌ల మీద నాకెప్పుడూ నమ్మకం పోలేదు. దాచినవారి మీద పోయింది, ఇద్దరి మీద.

పని ఏమీ ఇవ్వడం లేదు, ఫొటోకాపీలే తీయిస్తున్నారు.

రెండు రోజులైతే సర్దుకోండి. కాపీ తీస్తున్న ఫైలు చదవండి, అందులోనే పాఠం ఉంది. వారం దాటితే సూటిగా అడగండి: "ఈ కేసులో తేదీల పట్టిక నేను తయారుచేయనా?" అని. పని ఇవ్వమనడం కన్నా ఒక పనిని పేరుపెట్టి అడగడం మేలు. అప్పటికీ కదలిక లేకపోతే మీ కళాశాల ఇంటర్న్‌షిప్ బాధ్యులకు తెలియజేయండి. విద్యార్థి వేసవిని వృథా చేసే హక్కు ఏ సంస్థకూ లేదు.

స్టైపెండ్ ఇస్తారా?

కొందరు ఇస్తారు, కొందరు ఇవ్వరు. అమెరికా పెద్ద సంస్థల్లో వేసవి జీతం గట్టిగానే ఉంటుంది. జీతం లేని ఇంటర్న్‌షిప్‌ల మీద అక్కడ 2015లో ఒక అప్పీలు కోర్టు, ఈ ఏర్పాటుతో ప్రధానంగా లాభపడుతున్నది విద్యార్థా, సంస్థా అన్నది చూడాలని చెప్పింది. ఆ ప్రశ్న ఎక్కడైనా వేసుకోదగ్గదే. నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెబుతాను: ప్రయాణం, భోజనం ఖర్చులైనా ఇవ్వని సంస్థ, డబ్బున్న ఇంటి పిల్లలకే తలుపు తెరుస్తోంది. చేరకముందే అడగండి. అడగడం మర్యాద తక్కువ కాదు.

ఏ దుస్తులు వేసుకోవాలి?

భారతదేశ నిబంధనల ప్రకారం తెల్ల చొక్కా, నలుపు లేదా తెలుపు ప్యాంటు, నల్ల టై, నల్ల కోటు, నల్ల బూట్లు. అమ్మాయిలకు చీర ఐచ్ఛికం. పూర్తి దుస్తులు సమకూరకపోతే ప్రిన్సిపాల్ అనుమతితో శుభ్రమైన దుస్తుల్లో వెళ్లవచ్చని కూడా అక్కడే రాసి ఉంది. లాయర్ల గౌను, బ్యాండ్ మాత్రం మీకు కావు.

ఎవరైనా అసభ్యంగా ప్రవర్తిస్తే?

ఇంటర్న్ అయినంత మాత్రాన సహించాల్సిన పని లేదు. భారతదేశంలో పని ప్రదేశాల్లో మహిళలపై లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం "ఉద్యోగి" అన్న నిర్వచనంలో శిక్షణలో ఉన్నవారిని, అప్రెంటిస్‌లను కూడా చేర్చింది. జీతం లేకపోయినా వర్తిస్తుంది. పదిమంది లేదా అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. అంతకన్నా చిన్న ఆఫీసైతే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. గడువు మూడు నెలలు, తగిన కారణం ఉంటే మరో మూడు నెలలు పొడిగిస్తారు. జరిగిన రోజే తేదీ, సమయం, మాటలు రాసిపెట్టుకోండి. సర్టిఫికెట్ పోతుందని ఆగవద్దు. ఆ ఆఫీసుకు రేపటి నుంచి వెళ్లకపోయినా మీ తప్పేమీ లేదు.

ఇంటర్న్‌షిప్ ఉద్యోగానికి దారితీస్తుందా?

పెద్ద సంస్థల్లో చాలావరకు అదే దారి. న్యూయార్క్ న్యాయవాది పాల్ క్రవాత్ ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో, న్యాయ కళాశాలల్లో మెరికల్లాంటి విద్యార్థులను ఏరి తెచ్చి సొంతంగా తీర్చిదిద్దే పద్ధతిని స్థిరపరిచారు. దాన్ని చూసి ఇతర సంస్థలూ అనుసరించాయి. ఈనాటి ఎంపికలకు మూలం అక్కడే ఉంది. మేము చూసేది తెలివితేటలను మాత్రమే కాదు. మీ మెమో మళ్లీ మొదటి నుంచి తనిఖీ చేయకుండా వాడుకోగలమా అన్నది చూస్తాం.

చివరి వారంలో ఏం చేయాలి?

సర్టిఫికెట్, మీ పని మీద అభిప్రాయం అడిగి తీసుకోండి. రాసినవాటిలో ఏది నమూనాగా ఉంచుకోవచ్చో అనుమతి అడగండి, క్లయింటు వివరాలు తీసేయనిదే ఏదీ ఇంటికి తీసుకెళ్లవద్దు. కంప్యూటర్‌లో, ఫోనులో ఉన్న ప్రతులు తుడిచేయండి.

అన్నిటికన్నా ముఖ్యం, మీ చేతిలో ఉన్న పని మీద ఒక పేజీ నోటు. పూర్తయినవి, సగంలో ఉన్నవి, అసలు ముట్టనివి. మూడో జాబితా రాయడానికి చాలామంది సిగ్గుపడతారు. గత వేసవిలో ఒక విద్యార్థి వదిలివెళ్లిన నోటులో ఇలా ఉంది: "40 వరకు చదివాను. 38వ ఒప్పందానికి అనుబంధం లేదు, కంపెనీని అడిగాను, ఇంకా రాలేదు. 41 నుంచి చూడలేదు." సోమవారం పొద్దున కొత్తగా వచ్చిన అమ్మాయి ఆ కాగితం పక్కన పెట్టుకుని 41వ ఒప్పందం తెరిచింది.